అలెగ్జాండర్: రక్ష, నర కలిసిన పేరు

పిల్లల పేర్ల పుస్తకాలు ఏవి తిరగేసినా అలెగ్జాండర్ పక్కన ‘మానవాళిని కాపాడేవాడు’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. అది తప్పని అనలేం. అయితే ఆ పేరు లోపలి అమరిక ఇంతకంటే చాలా లోతైనది. పైగా సంస్కృత పదాలు నోట నానిన తెలుగువాళ్లకు ఆ అమరిక ఇట్టే అందుతుంది. అందుకే ముందు అర్థం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

గ్రీకులో అసలు రూపం అలెక్సాండ్రోస్. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది ‘అలెక్సో’ అనే క్రియ: అడ్డుకోవడం, తరిమికొట్టడం, కాపు కాయడం. రెండోది ‘అనేర్’ అనే నామవాచకం: మగవాడు, వీరుడు. దాని షష్ఠీ విభక్తి రూపం ‘అండ్రోస్’. ఈ ‘అండ్రోస్’లో డకారం మొదట్లో లేదు, ఉన్నది ‘అన్రోస్’. నకారం నుంచి రకారానికి నాలుక జారేటప్పుడు ముక్కు దారి క్షణం ముందే మూసుకుంటే మధ్యలో డకారం దానంతటదే పుడుతుంది. గ్రీకులో అదే స్థిరపడింది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ‘అలెక్స్’లోంచి మొదటి అకారం తీసేస్తే ‘లెక్స్’ మిగులుతుంది. గ్రీకు, సంస్కృతాలకు ఉమ్మడిగా ఉన్న మూలభాషలో ల ఉన్నచోట సంస్కృతం చాలాసార్లు ర పలికింది, ఎకారాన్ని అకారం చేసింది. కాబట్టి ‘రక్స్’. కకారం తర్వాతి సకారం సంస్కృతంలో షకారం అవుతుంది కాబట్టి ‘రక్ష్’. మనం రోజూ వాడే రక్ష, రక్షణ, రక్షకుడు ఈ ధాతువు బిడ్డలే. ‘అనేర్’లోంచి కూడా అకారం తీయండి. ‘నేర్’ మిగులుతుంది, అది ‘నర్’ అవుతుంది. అంటే నరుడు. రెండు మాటల్లోనూ గ్రీకు పక్షాన మొదట్లో అకారం ఉండి, సంస్కృత పక్షాన లేకపోవడానికి కారణం ఒకటే. మూలభాషలో ఆ స్థానంలో గొంతులో పలికే ఒక హల్లు ఉండేది. గ్రీకులో అది అచ్చుగా జాడ మిగిల్చింది, సంస్కృతంలో మాట మొదట్లో జాడ లేకుండా పోయింది. ఒకే నియమం రెండు చోట్లా పనిచేస్తోంది కనుక ఇది కాకతాళీయంగా కలిసిన పోలిక కాదు.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ఈ పోలిక చూసి, పేరు సంస్కృతం నుంచి గ్రీకుకు పోయిందని రాసేస్తుంటారు. అలా కాదు. ఇవి అక్కాచెల్లెళ్ల లాంటి భాషలు. ఒకే పుట్టింటి సొత్తును వేరువేరుగా పంచుకుని, ఎవరి ఇంట్లో వాళ్లు దాచుకున్నాయి. సమాసం గ్రీకులోనే కుదిరింది. ముక్కలు మాత్రం ఉమ్మడివి.

మరి అర్థం? ‘నరరక్షకుడు’ అనేస్తే సరిపోతుందా? గ్రీకులో ఇదే క్రియతో కట్టిన వేరే సమాసాలు చూస్తే అనుమానం వస్తుంది. అపోలోకు, హెరాక్లెస్‌కు ఉన్న బిరుదు ‘అలెక్సికాకోస్’, అంటే చెడును అడ్డుకునేవాడు. ‘అలెక్సిఫార్మకోన్’ అంటే విషానికి విరుగుడు. రెండింటిలోనూ రెండో ముక్క అడ్డుకోవలసిన వస్తువేగాని కాపాడవలసినది కాదు. ఆ లెక్కన అలెక్సాండ్రోస్ అంటే ‘మగవాళ్లను, అంటే మీదికొచ్చే శత్రువీరులను నిలువరించేవాడు’ అవుతుంది. క్రియ వాడుక చూసినా అంతే: ఎవరిని తరుముతామో వాళ్లు ద్వితీయా విభక్తిలో ఉంటారు, ఎవరి కోసం తరుముతామో వాళ్లు చతుర్థిలో ఉంటారు. సమాసంలో విభక్తులు లోపిస్తాయి కాబట్టి రెండు అర్థాలకూ తావుంది. యుద్ధం చేసే కులీనులు పెట్టుకున్న పేరు కాబట్టి శత్రువులను నిలువరించే అర్థమే ముందు పుట్టిందని నాకనిపిస్తుంది. ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కు ఈ పేరు ఎందుకొచ్చిందో చెప్పే పాత గ్రీకు కథ ఈ రెంటినీ కలిపేస్తుంది: దొంగలను తరిమి మందలను కాచాడు కాబట్టి అలెక్సాండ్రోస్ అయ్యాడట. అన్నట్టు హోమర్ ఇలియడ్‌లో అతణ్ని పారిస్ అన్నదానికంటే అలెక్సాండ్రోస్ అన్నదే ఎక్కువ.

చరిత్రలోకి వస్తే, ఈ పేరుకు మనకు దొరికిన అతి పాత గ్రీకు సాక్ష్యం ఒక ఆడమనిషిది. గ్రీసులోని పాత నగరం మైసీనే శిథిలాల్లో దొరికిన, క్రీ.పూ. 13వ శతాబ్దపు మట్టిపలక మీద ‘అ-రె-క-స-ద-ర’ అని రాసి ఉంది. అది అలెక్సాండ్రా. రాత ఎందుకు అలా ఉందంటే, ఆ లీనియర్ బి లిపిలో ఒక్కో గుర్తు ఒక్కో అక్షరాన్ని చూపిస్తుంది, ల-ర తేడా లేదు, హల్లుకు ముందొచ్చే నకారాన్ని రాయరు, జంట హల్లులను రెండక్షరాలుగా విడగొడతారు. కాబట్టి ‘లె’ రాయాలన్నా ‘రె’ గుర్తే, ‘క్స’ కోసం ‘క-స’, ‘ండ్ర’ కోసం ‘ద-ర’. 1952లో మైకేల్ వెంట్రిస్ ఈ లిపిని చదవగలిగాడు కాబట్టి ఇవాళ ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాం.

దాదాపు అదే కాలంలో, క్రీ.పూ. 1280 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు రెండో మువతల్లి విలుసా అనే రాజ్యపు పాలకుడితో సంధి చేసుకున్నాడు. ఆ పాలకుడి పేరు అలక్సందు. విలుసా అంటే గ్రీకుల ఇలియోన్, అంటే ట్రాయ్ అని చాలామంది పండితుల అభిప్రాయం. కథలోని ట్రాయ్ రాకుమారుడికి అలెక్సాండ్రోస్ అనే పేరుండటం, పలకల మీది ట్రాయ్ రాజుకు అలక్సందు అనే పేరుండటం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇద్దరూ ఒకరేనని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు.

అంటే, మాసిడోనియా విజేత పుట్టేనాటికే ఈ పేరు వయసు దాదాపు వెయ్యేళ్లు. అతని వంశంలోనూ కొత్తది కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో మొదటి అలెగ్జాండర్ ఏలాడు, మనం ‘ది గ్రేట్’ అనేవాడు మూడోవాడు (క్రీ.పూ. 356–323). అతను చేసిందల్లా పాత పేరును లోకమంతా మోసుకుపోవడం. క్రీ.పూ. 331లో ఈజిప్టు తీరాన వేసిన అలెగ్జాండ్రియా నగరం అతని కంటే గట్టిగా ఆ పేరును నిలబెట్టింది.

ఆ తర్వాత సుమారు ఎనభై ఏళ్లకు అశోకుడి 13వ శిలాశాసనంలో ఐదుగురు యవన రాజుల పేర్లు వస్తాయి. అందులో ఒకటి అలికసుదర. షాబాజ్‌గఢీ రాతి మీద ‘అలికసుదరో’ అని ఉంటుంది. ఇది విజేత పేరు కాదు, అతను అప్పటికి పోయి చాలాకాలమైంది. గ్రీకు రాజ్యమైన ఎపైరస్ రాజు రెండో అలెగ్జాండరో, కొరింథు పాలకుడు అలెగ్జాండరో అయ్యుండాలి. నన్ను ఆకట్టుకునేది రాత తీరు. మైసీనే పలక మీద ‘ద-ర’, ఇక్కడా ‘దర’. వెయ్యేళ్ల ఎడంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లిపుల్లో రాతగాళ్లు ఒకే నకారాన్ని వదిలేశారు, ఒకే జంట హల్లును విడగొట్టారు. పాళీ గ్రంథంలో యవన రాజు మిళిందుడు తాను పుట్టిన చోటు ‘అలసంద’ అని చెబుతాడు. అదీ అలెగ్జాండ్రియా పేరు పెట్టుకున్న ఊరే.

అన్నిటికంటే వింతైన మలుపు అరబ్బీలో జరిగింది. అరబ్బీలో ‘అల్’ అంటే నామవాచకం ముందు తగిలించే నిర్దేశకం. అలెక్సాండ్రోస్ వినగానే మొదటి ‘అల్’ను పేరులో భాగంగా కాక ఆ నిర్దేశకంగా విడదీసుకున్నారు. మిగిలిన ‘ఎక్సందర్’లో క్స తారుమారై ‘స్క’ అయింది. అలా అల్-ఇస్కందర్ తయారయ్యాడు, నగరం అల్-ఇస్కందరియ్యా అయింది. ‘అల్’ ఊడిపోతే మిగిలింది ఇస్కందర్. అసలు పేరులో రక్ష అనే అర్థాన్నిచ్చే ధాతువు మొదటి అక్షరాలే ఇలా రాలిపోయాయి. పారసీకంలో ఎస్కందర్, టర్కీ భాషలో ఇస్కెందర్, మలయ్‌లో ఇస్కందర్. ముందున్న ఇకారం సకారం వెనక్కి జరిగిన రూపం ఉర్దూ, హిందీల్లో సికందర్ గా నిలిచింది. ఢిల్లీ సుల్తాను సికందర్ లోడీ (పాలన 1489–1517) పేరు ఈ దారిలో వచ్చిందే.

అల్బేనియా వీరుడు స్కందర్‌బేగ్ (1405–1468) సంగతి ఇంకా బాగుంటుంది. అతని పుట్టుపేరు జార్జ్‌కు అల్బేనియా రూపం. అదీ గ్రీకు పేరే, ‘భూమిని దున్నేవాడు’ అని అర్థం. ఒట్టోమన్ కొలువులో అతనికి ఇస్కెందర్ అని పేరు పెట్టారు, బే అనే హోదా తోడై స్కందర్‌బేగ్ అయ్యాడు. ఒక గ్రీకు పేరు చర్చి దారిన, మరో గ్రీకు పేరు అరబ్బీ దారిన వచ్చి ఒకే మనిషి దగ్గర కలిశాయి.

యూదుల్లో కూడా ఈ పేరు తొందరగానే నాటుకుంది. హస్మోనియన్ వంశపు యూదు రాజు అలెగ్జాండర్ యన్నాయ్ క్రీ.పూ. 103 నుంచి 76 వరకు ఏలాడు. అతని తర్వాత గద్దెనెక్కిన అతని రాణి సలోమే అలెక్సాండ్రా. యిద్దిష్‌లో ఇప్పటికీ వినిపించే సెండర్ ఈ పేరే. క్రైస్తవంలో సిలువ మోసిన కురేనే సీమోను కొడుకుల్లో ఒకడు అలెగ్జాండర్. తెలుగు బైబిల్లో అతను అలెక్సంద్రు. 325లో క్రైస్తవ బిషప్పుల నికేయా సభ జరిగినప్పుడు అలెగ్జాండ్రియా బిషప్ పేరు కూడా అలెగ్జాండరే. పోపుల వరుస చూసేవాళ్లు ఒక చోట తడబడతారు: సంఖ్య ఎనిమిదో అలెగ్జాండర్ దాకా పోతుంది గాని, పోపులు ఏడుగురే. ఐదో అలెగ్జాండర్‌ను (1409–1410) చర్చి తర్వాత అసలు పోపుగా లెక్కించలేదు, కానీ అతని తర్వాతివాడు అప్పటికే ఆరో సంఖ్య తీసేసుకున్నాడు.

స్కాట్లాండ్‌లో ముగ్గురు రాజులు ఈ పేరుతో ఏలారు: 1107–1124, 1214–1249, 1249–1286. అక్కడి పాత భాష గేలిక్ నోట అది అలస్డెర్ అయింది. ఇంగ్లీషువాళ్లు దాన్నే అలస్టర్, అలిస్టర్ అని రకరకాలుగా రాసుకున్నారు. మెకాలిస్టర్ ఇంటిపేరు ‘అలస్డెర్ కొడుకు’ అనే. సాండర్స్, సాండర్సన్ ఇంటిపేర్లు ఇదే పేరు తోక పట్టుకుని పుట్టాయి. రష్యాలో నెవా నది యుద్ధ విజేత అలెగ్జాండర్ నెవ్‌స్కీని చర్చి పునీతుణ్ని చేయడంతో ఈ పేరుకు పవిత్రత తోడైంది. ఆపైన ముగ్గురు జార్లు, కవి పుష్కిన్. రష్యాలో దశాబ్దాలుగా ఈ పేరు ముందు వరసలోనే ఉంది.

ముద్దుపేర్లలో ఏ ముక్క మిగులుతుందన్నది గాలివాటంగా జరగలేదు. నొక్కి పలికే అక్షరం ఎక్కడుందో అది నిలుస్తుంది. గ్రీకులో ఊనిక ‘లె’ మీద ఉంటుంది, అందుకే అక్కడ అలేకోస్. లాటిన్‌లో చివరినుంచి రెండో అక్షరం బరువైనదైతే (గురువైతే) ఊనిక దాని మీదే పడాలి. ‘అలెక్సాండర్’లో ‘క్సాం’ బరువైనది. లాటిన్ నీడలో ఉన్న భాషల్లో అందుకే రెండో సగం మిగిలింది: ఇటలీలో సాండ్రో (చిత్రకారుడు బొటిచెల్లి పుట్టుపేరు అలెస్సాండ్రో, అందరికీ తెలిసింది సాండ్రోగా), హాలెండ్‌లో సాండర్, స్కాట్లాండ్‌లో సాండీ, హంగేరీలో షాందోర్, ఫిన్లాండ్‌లో సాంతెరి. చివర ఓస్ పోయి ‘అర్’ రావడం కూడా లాటిన్ చలవే. గ్రీకు ‘అగ్రోస్’ (పొలం)కు జోడుగా లాటిన్‌లో ‘అగెర్’ ఉన్నట్టే ‘అండ్రోస్’ ‘అండెర్’ అయింది.

రష్యాలో సాషా ఎలా వచ్చిందో చాలామందికి అంతుపట్టదు. అలెక్సాందర్ నుంచి అలెక్సాషా, దాన్నుంచి సాషా, దాన్ని ఇంకా ముద్దుచేసి సాషూరా, చివరికి షూరా. సాషా, షూరా ఇద్దరూ మగవాళ్లు కావచ్చు, ఆడవాళ్లూ కావచ్చు. రష్యన్ కథలు చదివేటప్పుడు ఒకే పాత్ర మూడు పేర్లతో తిరుగుతుంటే కారణం ఇదే. అయితే అల్యోషా, ల్యోషా వేరు. అవి అలెక్సేయ్‌కు ముద్దుపేర్లు. అలెక్సేయ్, అలెక్సిస్, అలెక్సియోస్ ఇదే క్రియనుంచి పుట్టినా నరుడు లేని పేర్లు, వాటిని అలెగ్జాండర్‌కు పర్యాయాలుగా రాయకూడదు. అలెక్స్ అన్న పొట్టి రూపం మాత్రం రెంటికీ చెల్లుతుంది, కాబట్టి అలెక్స్ అని కనబడగానే అలెగ్జాండర్ అని విస్తరించేయకండి. లైసాండర్, లియాండర్, ఎవాండర్, కసాండర్ కూడా చుట్టాలే, కానీ తోక వైపునుంచి మాత్రమే: అందరిలో ఉన్నది నరుడు, రక్ష లేదు.

ఇక ఆదరణ. అమెరికా సోషల్ సెక్యూరిటీ సంస్థ లెక్కల్లో 1880 నుంచి ఏ ఏడూ అలెగ్జాండర్ మొదటి వెయ్యి మగపిల్లల పేర్లలోంచి జారిపోలేదు. 2008లో 6వ స్థానం, 2009లో 4వ స్థానం, 2010లో మళ్లీ 6. 2016 నుంచి 2019 దాకా మొదటి పది దాటి కిందే ఉంది, 2020లో 10వ స్థానంలో తిరిగి కనబడింది.

ఈ అంకెలు చదవడంలో మూడు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, ఆ లెక్కలో ప్రతి స్పెల్లింగూ వేరే పేరు. అలెగ్జాండర్, అలెహాండ్రో, అలెస్సాండ్రో, అలెక్స్, జాండర్ అన్నీ విడివిడి వరుసలు. ఎక్స్ పక్కన జెడ్ చేర్చి రాసినా ఇంకో వరుస. మొత్తం కుటుంబం బలం తెలియాలంటే స్థానాలు చూసి లాభం లేదు, ఒక్కో వరుసలోని పిల్లల సంఖ్య తీసుకుని మీరే కూడుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్ లెక్కలూ ఇలాగే అక్షరం అక్షరం చూస్తాయి. పైగా అరుదైన రూపాలు కనబడవు: అమెరికా జాబితా ఐదుగురికంటే తక్కువ మందికి పెట్టిన పేరును, ఇంగ్లండ్ జాబితా ముగ్గురికంటే తక్కువైతే ఆ పేరును బయటపెట్టవు.

రెండోది, స్థానం వేరు, వాటా వేరు. నూరేళ్ల కిందట మొదటి పది పేర్లే పుట్టిన మగపిల్లల్లో పెద్ద భాగానికి సరిపోయేవి. ఇప్పుడు తల్లిదండ్రులు వేలాది పేర్ల మధ్య చెదిరిపోయారు. కాబట్టి ఇవాళ్టి 4వ స్థానం, 1910 నాటి 4వ స్థానం ఒకటి కావు. పోల్చాలంటే శాతం పట్టుకోవాలి. మూడోది, 1937కు ముందు పుట్టినవాళ్లలో చాలామంది సోషల్ సెక్యూరిటీ కార్డుకు అసలు దరఖాస్తే చేసుకోలేదు. అందుచేత పాత దశాబ్దాల అంకెలు నిజం కంటే తక్కువ చూపిస్తాయి.

తెలుగులో రాసేటప్పుడు ఏ రూపం వాడాలన్న ప్రశ్నకు నా జవాబు: మనిషి భాషను బట్టి. ఇంగ్లీషులో ఊనిక ఎక్స్ తర్వాతి అచ్చు మీద ఉంటుంది కాబట్టి ఎక్స్ గ్జ అవుతుంది. అందుకే గ్రాహం బెల్, ఫ్లెమింగ్ అలెగ్జాండర్లే. గ్రీకు, రష్యన్, జర్మన్ భాషల్లో క్స అలాగే ఉంటుంది కాబట్టి అలెక్సాండ్రోస్, అలెక్సాందర్, అలెక్సాండర్. స్పానిష్‌లో పూర్వం ఎక్స్‌ను షకారంగా పలికేవారు, తర్వాత అది గొంతులోకి జారింది, అందుకే అలెహాండ్రో. పక్కనే ఉన్న పోర్చుగీసులో షకారం అలాగే నిలిచింది, కనుక అలెషాండ్ర్. ఇటలీలో క్స కరిగి రెండు సకారాలయింది: అలెస్సాండ్రో. మాసిడోనియా రాజుకు మాత్రం తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన అలెగ్జాండరే ఉంచడం మేలు, మార్చితే వెతికేవాళ్లకు దొరకడు.

వెతకడం అన్నాను కాబట్టి: పాత రికార్డుల్లో ఒక మనిషి జాడ తీస్తుంటే ఒక్క రూపంతో ఆగకండి. రష్యన్ పేరును లాటిన్ లిపిలోకి మార్చేటప్పుడు కొందరు ఎక్స్ వాడతారు, కొందరు కె-ఎస్ వాడతారు, చివరి ఆర్ ముందు ఇ అక్షరం ఉంచేవాళ్లూ తీసేసేవాళ్లూ ఉన్నారు. అలా ఒకే మనిషికి పాత పాస్‌పోర్టులో ఒక అక్షరక్రమం, కొత్తదాంట్లో ఇంకొకటి కనబడుతుంది. యుక్రేనియన్‌లో మొదటి అచ్చే మారిపోయి ఒలెక్సాండర్ అవుతుంది, కాబట్టి ‘అ’ వరుసలో లేనివాడు ‘ఒ’ వరుసలో ఉండవచ్చు. స్కాట్లాండ్ వాళ్లయితే బాప్తిస్మం పుస్తకంలో అలెగ్జాండర్, ఇంట్లో సాండీ, గేలిక్ రాతల్లో అలస్డెర్. హంగేరీ వాళ్లయితే లాటిన్‌లో రాసిన చర్చి రిజిస్టరులో అలెక్సాండర్, మిగతా చోట్లంతా షాందోర్. అక్కడ ఇంటిపేరు ముందు రాస్తారు కాబట్టి పేరు కోసం రెండో మాట చూడాలి.